సత్తు అన్నవాడి చెరుకు

నేను ఒక బుష్షును. మొహం అలా పెట్టకండి. రాజుగారి కత్తిననో, జమీందారు గడియారాన్ననో చెప్పుకుంటే మీరు కాస్త ముందుకు వంగి వినేవారని నాకు తెలుసు. కత్తి పని ఒక్క క్షణం, మిగతా కాలమంతా ఒరలో నిద్ర. గడియారం పని తిరగడం, అంతకు మించి ఏమీ లేదు. నా పని మొయ్యడం. చెరుకు గానుగలో ఇనప రోలరు తిరుగుతూ ఉంటుంది చూశారా, దాని ఇరుసు రెండు కొసలా రెండు లోహపు కంకణాల్లో కూర్చుని తిరుగుతుంది. ఆ కంకణాల్లో ఒకణ్ణి నేను. రోలరు తిరుగుతుంటే జనం రోలరును చూస్తారు. రసం కారుతుంటే రసాన్ని చూస్తారు. బరువంతా నా నెత్తిన ఉంటుంది, నన్ను మాత్రం ఏదైనా చెడిపోతే తప్ప ఎవరూ చూడరు.

నన్ను మొదటిసారి చూసిన ప్రతివాడూ ఒకటే మాట అన్నాడు: సత్తు. చెల్లని రూపాయిని సత్తు అంటారు. పొయ్యి మీద వంకర్లు తిరిగే గిన్నెను సత్తు అంటారు. పరీక్ష తప్పినవాణ్ణి కూడా అంటారని విన్నాను. నేను సత్తును కాను. నా కథంతా చెప్పేది ఆ ముక్క చెప్పడానికే. ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు.

ముందు మా పుట్టుపూర్వోత్తరాలు. మా నాన్న తుత్తునాగం, మీరు జింకు అంటారు. మహా గడుసువాడు. రాగి, ఇనుము, బంగారం అన్నీ బుద్ధిగా మనిషి చేతికి చిక్కి ఉంగరాలుగా, నాగలికర్రులుగా మారిపోయిన చాలా కాలానికి కూడా మా నాన్న దొరకలేదు. పొయ్యి మీద పెడితే కరిగి ఊరుకోడు, ఆవిరై పొగగొట్టం గుండా పారిపోతాడు. చివరికి రాజస్థాన్‌లో జావర్ అనే చోట ఎవరో బుద్ధిమంతులు మట్టి మూసను తలకిందులు చేసి, మూతి కిందికి పెట్టి, పైకి ఎగరబోయే ఆయన్ని కిందికి దించి పట్టుకున్నారు. ఇంతవరకూ నిజం. మా నాన్న చెప్పేది ఇంతకన్నా పొడుగు. ఆ పారిపోయిన రోజుల్లో ఆయన మబ్బుల్లో కాపురం ఉన్నాడట, వానమబ్బుకు ఆ నీలిబూడిద రంగు ఆయన అప్పిచ్చిందేనట, ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదట. నమ్మితే నమ్మండి, నాకేం పోయింది.

మా అమ్మ అల్యూమినియం. ఎర్రమట్టిలో పుట్టి, మట్టిని వదిలి రానని మొండికేసిన మనిషి. బొగ్గుకు లొంగలేదు, కొలిమికి లొంగలేదు. ఊళ్ళకు ఊళ్ళు వెలిగించేంత కరెంటు తాగించాకగానీ బయటికి రాలేదు. ఆమె తేలిక, ఆయన బరువు. మూసలో ఇద్దరినీ కలిపి కదపకుండా వదిలేస్తే ఆవిడ పైకి తేలుతుంది, ఆయన అడుక్కు దిగుతాడు, సంసారం రెండు ముక్కలవుతుంది. గరిటెతో కలుపుతూనే ఉండాలి. అయినా మీ ఇళ్ళల్లో మాత్రం అంతేగా.

మేం ముగ్గురు అన్నదమ్ములం. నూటికి ఎనిమిది పాళ్ళు అమ్మ పోలిక వచ్చినవాడు చిన్నవాడు. వాడు అచ్చుల్లోకి నీళ్ళలా పారి తాళాలు, తలుపుల గొళ్ళేలు, పిల్లల బొమ్మకార్లు అయిపోతాడు. పన్నెండు పాళ్ళవాడు నడిమివాడు, ఇసక అచ్చయినా ఇనప అచ్చయినా సర్దుకుపోయి కప్పీలు, పంపు భాగాలు అవుతాడు. ఇరవై ఏడు పాళ్ళవాణ్ణి నేను, పెద్దవాణ్ణి. చిటికెడు రాగి, కంటికి ఆననంత మెగ్నీషియం కూడా ఉన్నాయి నాలో. బరువు పనులు మా ఇంట్లో నావే.

ఇప్పటిదాకా ఇరుసుల కింద గన్‌మెటల్‌దే రాజ్యం. కంచు వంశం, పసుపుపచ్చ ఒళ్ళు, తడితే ఖంగుమని పాట. వాళ్ళు కరగాలంటే వెయ్యి డిగ్రీల మంట కావాలి. నాకు అందులో సగం చాలు. దీన్ని పట్టుకుని నన్ను బలహీనుడన్నారు. అన్నం తొందరగా ఉడికితే బియ్యం చెడ్డవని ఎవరైనా అంటారా? బొగ్గు మిగిలింది, మేస్త్రీ కనుబొమలు కూడా మిగిలాయి. చల్లబడ్డాక తూచండి. అదే కొలతకు గన్‌మెటల్ బరువులో సగానికి కాస్త ఎక్కువ ఉంటాను. గట్టితనంలో మామూలు పోత ఇనుముకు తీసిపోను. లేతు మీద కత్తి పెడితే మొరాయించను. నెమ్మదిగా తిరిగే బరువైన ఇరుసు కింద నన్ను కూర్చోబెట్టి చూడండి, ఆ తరవాత మాట్లాడదాం. అయితే గిర్రున తిరిగే ఇరుసు కింద మాత్రం పెట్టకండి. మరిగే నీళ్ళంత వేడెక్కించి బరువు మొయ్యమనకండి, మెత్తబడతాను. అది దాచాల్సిన సంగతి కాదు. ఏనుగును చెట్టెక్కమని ఎవరూ అడగరు.

ఇక నన్ను పుట్టించిన మనుషుల సంగతి. అనకాపల్లి అవతల, రోడ్డు పక్క రేకుల షెడ్డులో యూసుఫ్ మేస్త్రీ పోతపని చేస్తాడు. చుట్టుపక్కల గానుగలకు బుష్షులు ఆయనవే. నోరు పెద్దది, గొప్పలు మరీ పెద్దవి. ఒకనాటి ఉదయం ఆయన దగ్గరకు నూకరత్నం వచ్చింది. చేతిసంచిలో అరిగిపోయిన గన్‌మెటల్ బుష్షులు రెండు ఉన్నాయి. అవి మాకు ముందువాళ్ళు. ఒక పక్క కాగితమంత పలచబడిపోయారు పాపం.

నూకరత్నం మగడు పోయి ఏడాది తిరగలేదు. ఆయన నడిపిన గానుగను ఈమె నడుపుతోంది. గానుగ మామగారి తాతల కాలం నాటిది, కాబట్టి మరిది గంగునాయుడు తనకూ హక్కుందన్నాడు. చెరుకు రైతులందరి ముందూ మాటలు పెరిగి, చివరికి ఒక ఒప్పందం కుదిరింది. కళ్ళంలో నరికిన చెరుకు ఉండగా ఈ పంట కాలంలో పగలు ఒక్క పూట గానుగ ఆగినా అది గంగునాయుడి చేతికి పోతుంది. ఆగకపోతే నూకరత్నందే, ఇక అడిగేవాడు లేడు. నరికిన చెరుకు కూరగాయ లాంటిది, ఎండలో పడుంటే రసం పులుస్తుంది. పులిసిన రసానికి బెల్లం దిమ్మ కట్టదు, జిగురులా కారిపోతుంది. అందుకే ఆ షరతు.

"గన్‌మెటల్ ఈసారి మంచిది దొరకలేదమ్మా," అన్నాడు యూసుఫ్. "ఒక మాట చెప్తాను, కోప్పడకు. కొత్తరకం ఉంది. జింకు, అల్యూమినియం కలిపింది." అని ఎక్కడో పోసి ఉంచిన ముక్క ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని గోటితో తట్టింది. "మోగదేటి సాయిబూ?"

"ఇరుసు కింద కూకునేదానికి పాటెందుకమ్మా? పాట కావాలంటే రేడియో కొనుక్కో."

"మా మరిది సూస్తే సత్తు అంతాడు."

"మీ మరిది నన్ను కూడా అన్నాడు. నేనింకా బతికే ఉన్నా కదా."

నూకరత్నం ఆ ముక్కను అటూ ఇటూ తిప్పింది. బరువు చూసింది. నేలకేసి గట్టిగా కొట్టింది. వంగలేదు, పెచ్చు లేవలేదు. "ఆగకుండా ఆడతాదా? అదొక్కటి సెప్పు," అంది.

"నీ గానుగ అరిగినా అది అరగదు."

సరే పొయ్యమంది. అలా నా జన్మకు ముహూర్తం కుదిరింది.

పోత పోసే నాడు నూకరత్నంతో పాటు ఆమె అత్త పైడమ్మ కూడా వచ్చింది. చేతికర్ర, పెద్ద గొంతు, ఎవరి మాటా చెవిన పడని వయసు. అడ్డు చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు, అడ్డు చెప్పడానికి ఆమె సందివ్వదు. గంగునాయుడు ఆమె చిన్నకొడుకు. కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క, ఆమె మాత్రం గానుగ పక్క. ఆ గానుగకు కొత్త బుష్షు పోసినప్పుడల్లా ఆ ఇంటి పెద్దావిడ పాత బుష్షు ముక్క ఒకటి మూసలో వెయ్యాలి. దాన్ని వాళ్ళు తోడు అంటారు. పాలల్లో మజ్జిగ చుక్క వేసినట్టన్నమాట. పాతది కొత్తదాంట్లో కలిస్తే గానుగ వంశం తెగదని నమ్మకం. పైడమ్మ అత్తగారు వేసింది, ఆమె అత్తగారూ వేసింది. గన్‌మెటల్‌లో గన్‌మెటల్ వేస్తే నష్టమేముంది, ఎన్ని తరాలైనా వేసుకోవచ్చు.

యూసుఫ్ ముందే చెప్పాడు. "పెద్దమ్మా, ఈసారి తోడు వద్దు. ఇది వేరే జాతి. పాత బుష్షులో తగరం ఉంటాది, సీసం ఉంటాది. ఆవగింజంత పడినా దీని కడుపు చెడతాది."

"నాకు సెప్తావేటి," అంది పైడమ్మ. అంటే విన్నదనుకున్నాడు ఆయన. వినలేదని నాకు తరవాత తెలిసింది.

ఆయన మూస చిన్నది, ఒక్కో కరుగుకు ఒక్కో బుష్షే. మొదటి కరుగులో రోలరు అవతలి కొసకు నా జంటవాడు పుట్టాడు, వాడూ ఇరవై ఏడు పాళ్ళవాడే. రెండో కరుగు నాది, అది సగంలో ఉండగా మధ్యాహ్నం నమాజు వేళయింది. మంట తగ్గించి, కాస్త చూస్తూండమని వాళ్ళకు చెప్పి యూసుఫ్ వెళ్ళాడు. నూకరత్నం నీళ్ళ కోసం బోరింగు దగ్గరకు వెళ్ళింది. పైడమ్మ కొంగు ముడి విప్పింది. కాగితంలా అరిగిన గన్‌మెటల్ పెంకు తీసి కళ్ళకద్దుకుంది. "నూకాలమ్మ తల్లీ, మా ఇంటి గానుగ మా ఇంట్లోనే ఉండాల," అని నా మీద వేసింది. ఉప్పురాయిలా కరిగిపోయింది అది. నాకేమీ తెలియలేదు. వెచ్చగా, కాస్త వగరుగా అనిపించింది. ముసలమ్మ చల్లని చెయ్యి అనుకున్నాను. అందరూ నన్ను పొయ్యాలని చూస్తుంటే ఒక్క ఆవిడే నాకు ఏదో పెట్టాలని చూసింది. ఇప్పటికీ ఆవిడ మీద నాకు కోపం లేదు. కోపం లేదని మంచివాణ్ణని కూడా అనుకోకండి, కోపానికి వేరే మనిషిని పెట్టుకున్నాను.

ఆ మనిషి గానుగ బిగించిన రోజు వచ్చాడు. గంగునాయుడు మంచి ఆరడుగుల మనిషి, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. బుష్షు గూట్లో నన్ను కూర్చోబెట్టి ఇరుసు దించుతున్నారు. వంగి చూశాడు.

"ఏటొదినా, సత్తుగిన్నె కోసి పెట్టీసినావేటి?"

చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నూకరత్నం గ్రీజు డబ్బా మూత తీస్తూ తల ఎత్తకుండా అంది, "గిన్నె కాదు మరిదీ, కంచం. నీకు అన్నం అందులోనే పెడతాను, సీజనవ్వనీ."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. గంగునాయుడు కూడా నవ్వాడు, కాని పళ్ళు మాత్రమే నవ్వాయి. "ఏసంగి ఎండ తగిల్తే ఎన్నలా కారిపోద్ది," అన్నాడు వెళ్తూ.

నేను అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ పెద్దమనిషి కళ్ళముందు కారిపోకూడదు. ఏం జరిగినా సరే.

పని మొదలైంది. ఇంజను పట్టా రోలరు చక్రాన్ని లాగడం, చెరుకు లోపలికి పోవడం, రసం ఒక పక్క, పిప్పి ఒక పక్క. ఇరుసు నా మీద బరువు వేసి నెమ్మదిగా తిరిగేది. అలాంటి బరువు, అలాంటి నిదానం, నా కోసం ఎవరో కొలిచి చేయించినట్టే. గ్రీజు తక్కువైన పూట కూడా నేను ఇరుసును గీరలేదు. చెరుకుల్లో ఎన్ని రకాలని! ఒక రైతు తెచ్చిన చెరుకు ఎంత గట్టిదంటే, దాని మీద వాలిన కాకి ముక్కు అరగదీసుకోవడానికి పక్కఊరి నుంచి చుట్టాల్ని పిలిపించుకుంది. మరొకాయన చెరుకు ఎంత తీపంటే రసం తొట్టి దగ్గర చీమలు మత్తెక్కి దారి తప్పి కారం మిల్లుకు చేరాయి. అన్నీ ఆడాను. అవతల కొసన నా జంటవాడు, ఇవతల నేను. మాటామంతీ లేదు, మధ్యలో రోలరు చప్పుడు.

రైతులు మాట మార్చారు. "ఈ తెల్లది బాగానే లాగుతోంది సుమీ," అనేవారు తాంబూలం ఉమ్ముతూ. నూకరత్నం రోజూ పొద్దున్నే వచ్చి అరచెయ్యి బుష్షు గూటి మీద పెట్టి వేడి చూసేది. జ్వరం చూసినట్టు. చెయ్యి తీసి చీరకు తుడుచుకుని ఇంజను వెయ్యమనేది. నా జీవితంలో నన్ను ఎవరైనా పలకరించారంటే అదే.

కాలం ముందుకు పోయింది. గానుగ పక్కనే బెల్లం పెనం, అందులోంచి లేచే ఆవిరి రోజంతా నా మీదే. పైనుంచి రసం తడి. ఆ తడీ ఆ వెచ్చదనమూ కలిసి నాలో నిద్రపోతున్న ముసలమ్మ తోడును లేపాయి. లోహం మీకు ఒకే ముద్దగా కనిపిస్తుంది. లోపల అది ఇటుక గోడ లాంటిది, రేణువులు పక్కపక్కన పేర్చినట్టుంటాయి. తగరం, సీసం ఆ ఇటుకల మధ్య సందుల్లో దాక్కుంటాయి. తడి తగిలితే సందులు తినడం మొదలుపెడతాయి. పైకి ఏమీ ఉండదు. నునుపు అలాగే ఉంటుంది, లోపల గోడ ఉబ్బుతుంది. నా జంటవాడికి ఏ బాధా లేదు. నేను మాత్రం రోజురోజుకూ వెంట్రుక మందం లావెక్కుతున్నాను. ఇరుసు చుట్టూ ఉండాల్సిన వెసులుబాటు తగ్గింది. ఇరుసు ఒరుసుకోవడం, వేడి పుట్టడం. ఒకనాడు నూకరత్నం చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

ఆ వారంలోనే గంగునాయుడు తన తోటంతా ఒకేసారి నరికించాడు. వరస ప్రకారం ఎవరి వంతుకు వాళ్ళు, గానుగ ఆడగలిగినంతే నరికి తెస్తారు. అది ఆ ఊరి పద్ధతి. ఈయన మాత్రం ట్రాక్టరు మీద ట్రాక్టరు తోలించి కళ్ళమంతా కొండలా పోయించాడు. గానుగ మీద ఎడతెగకుండా బరువు పడాలి, సత్తు ముక్క పగలాలి, తన చెరుకు ముందు సగం ఆడించుకుని గానుగ తీసుకుని మిగతా సగం తన చేత్తో ఆడించుకోవాలి. లెక్క బాగానే ఉంది. బుష్షు పగిలితే కొత్తది పొయ్యడానికి, లేతు పట్టడానికి రోజులు పడతాయన్న సంగతి లెక్కలో లేదు. గానుగ కావాలనుకున్నాడు, గానుగలో ఏముంటుందో ఎన్నడూ చూసినవాడు కాదు.

చెరుకు సగం కూడా కాలేదు. పొద్దు బాగా ఎక్కిన వేళ నాలోంచి టక్కుమని చప్పుడొచ్చింది. నూకరత్నం ఇంజను వేగం తగ్గించింది, ఆపలేదు. యూసుఫ్‌కు ఫోను చేశారు. ఆయన మోపెడ్ మీద వచ్చి చెవి ఆనించి విన్నాడు. మూత వదులు చేసి నా అంచు చూశాడు. జుట్టు సన్నాన పగులు. దాని వెంట తెల్లటి పిండి. వేలితో తీసి వాసన చూశాడు.

"ఇలా కాకూడదు," అన్నాడు. "ఆ పక్కది అద్దంలా ఉంది. ఇదొక్కటే ఎందుకిలా?"

పైడమ్మ పిప్పి కుప్ప మీద కూర్చుని ఉంది. "ఏటీ కాదు," అంది ధీమాగా. "దానికి తోడు ఏసినాను."

యూసుఫ్ ఆమె వైపు తిరిగాడు. "ఏం వేశావు పెద్దమ్మా?"

"తోడు. నువ్ నమాజుకెల్లినప్పుడు. మా అత్త ఏసింది, నాను ఏసినాను. నాను లేపోతే నీ సత్తు ఇన్నాల్లు ఆడతాదేటి?"

యూసుఫ్ తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "రత్నమ్మా, లోపల విషం పడింది. ఇది పోతుంది. ఇప్పుడా, సాయంత్రమా, రేపా చెప్పలేను. కొత్తది పోసి తేవాలంటే రెండు పగళ్ళు."

గంగునాయుడు పక్కనే ఉన్నాడు. అతని మొహం ముందు వెలిగింది, తరవాత కళ్ళం వైపు తిరిగింది. ఎండలో కొండలా తన చెరుకు. జేబులోంచి ఫోను తీసి పక్కఊరి గానుగ మనిషితో మాట్లాడాడు, ఆ పక్కఊరితో మాట్లాడాడు. ఎవరి వరస వాళ్ళకుంది. ఒకాయన నవ్వాడు కూడా, నవ్వు ఫోనులోంచి అందరికీ వినిపించింది. 'ఎవడు నరకమన్నాడు నాయుడా అంతా ఒక్కసారి?'

అతను ఫోను జేబులో పెట్టాడు. నూకరత్నం చెయ్యి ఇంజను మీద ఉంది.

"మరేటి మరిదీ," అంది. "ఆపీమంతావా? ఆపితే గానుగ నీది. మాటంటే మాటే."

"ఆపకొదినా," అన్నాడు నోట్లో నోట్లో.

"రైతులు దూరంగా ఉన్నారు. వాల్లకి ఇనపడాల."

గంగునాయుడు తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "ఆపొద్దు," అన్నాడు అందరికీ వినబడేట్టు. "ఆడించు. నా సెరుకంతా ఆడించు."

"ఆ సత్తు మీదేనా?"

"దాని మీదే."

పైడమ్మ నోరు కొంగుతో మూసుకుంది. నవ్వో ఏడుపో నాకు కనపడలేదు. కర్ర పట్టుకుని లేచి వచ్చి నా గూటి పక్కన చతికిలబడింది. "నానే సేసినానా," అని ఒక్కసారి అంది, ఎవరితోనూ కాదు.

ఆ తరవాత జరిగింది యుద్ధం. యుద్ధమంటే ఏదో అనుకునేరు, నా యుద్ధం కదలకుండా కూర్చోవడం. యూసుఫ్ పట్టా మార్చి రోలరు వేగం సగం చేశాడు. చెరుకు పెట్టేవాళ్ళను చేరో రెండు గెడలకు మించి పెట్టొద్దన్నాడు. వేడి ఎక్కకుండా నా మీద తడిగోనె కప్పి నీళ్ళు పోస్తూ ఉండాలన్నాడు. తడే నన్ను తిన్నది, తడే ఇప్పుడు నన్ను నిలబెట్టాలి. చూశారా మనుషుల వైద్యం. నీళ్ళు మొయ్యడానికి మనిషి కావాలి. అందరూ చెరుకు దగ్గరున్నారు. గంగునాయుడు తెల్ల చొక్కా చేతులు మడిచి బిందె అందుకున్నాడు.

తొట్టి నుంచి నా దాకా, నా నుంచి తొట్టి దాకా. నన్ను గిన్నె అన్న మనిషి నాకు నీళ్ళు పోస్తున్నాడు. సంతోషించానా అంటే, సంతోషించే తీరిక నాకు లేదు. పగులు పెరుగుతోంది. ఒక ఇటుక పక్కన ఒక ఇటుక వదులవుతోంది. ఇరుసు బరువు ఎప్పటిలాగే ఉంది, దానికి జాలి తెలియదు. పగిలితే ఎవరేమంటారు? 'సత్తు కదా, పగిలింది' అంటారు. అంతే, కథ అయిపోతుంది. గన్‌మెటల్ పగిలితే గానుగ పాతదనేవారు. ఇనుము పగిలితే బరువు ఎక్కువయిందనేవారు. నేను పగిలితే నా జాతి మొత్తం పగిలినట్టే. ఈ జిల్లాలో ఇంకొక గానుగ దగ్గర మా వాళ్ళను ఎవరూ గడప తొక్కనివ్వరు. అందుకని నేను పగలలేదు. చీలానేమో, నిజమే. చీలిన ముక్కలు గూటి గోడను ఒత్తుకుని నిలబడ్డాయి. నాలో మా నాన్న ఒక పక్కకు, మా అమ్మ ఒక పక్కకు పోతామని అనలేదు. మూసలో అంతగా కలిపింది ఇందుకే కాబోలు.

నూకరత్నం కళ్ళంలో చెరుకును చూడలేదు. నా వైపే చూసింది. గోనె మీద చెయ్యి పెట్టి, కాలినా తియ్యకుండా, "ఇంకొంచెం," అంది. గంటకోసారి అదే మాట. "ఇంకొంచెం."

ఆ రాత్రి కూడా ఆపకుండా ఆడించారు, మర్నాడు చీకటి పడకముందే చివరి గెడ లోపలికి పోయింది. రసం సన్నధారగా కారి, చుక్కలుగా కారి, ఆగింది. నూకరత్నం ఖాళీ కళ్ళాన్ని ఒకసారి కలయజూసి, అప్పుడు ఇంజను ఆపింది. ఆమె ఆపింది, నేను కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

యూసుఫ్ మూత విప్పి ఇరుసు లేపాడు. బరువు తీసిన మరుక్షణం నేను మూడు ముక్కలై ఆయన అరచేతిలో పడ్డాను. పైడమ్మ ఒక ముక్కను తీసుకుని కళ్ళకద్దుకోబోయి ఆగిపోయింది. "ఇది మళ్ళీ మూసలో ఎయ్యకూడదు కదా సాయిబూ?" అని అడిగింది. ఆ మనిషి ఎవరినైనా ఏదైనా అడగడం అక్కడివాళ్ళు అదే మొదటిసారి వినడం.

"వేస్తే అదీ చెడతాది పెద్దమ్మా."

"అయితే ఎయ్యను," అంది.

కొత్త బుష్షు వచ్చింది, తెల్లదే. మిగతా పంటంతా ఆడారు. గానుగ నూకరత్నందే అయింది. రైతుల ముందు గంగునాయుడు తనే ఆ మాట చెప్పాడట. చెప్పక చస్తాడా, తన బెల్లం దిమ్మలు తన ఇంట్లో పేర్చి ఉన్నాయి.

నేను ఇప్పుడు యూసుఫ్ షెడ్డులో మూల తుక్కు బుట్టలో ఉన్నాను. తుక్కు కొనేవాడు ఒకసారి అయస్కాంతం తెచ్చి నా మీద పెట్టి చూశాడు, అంటుకోలేదు. గోటితో తట్టాడు, మోగలేదు. నన్ను పక్కకు నెట్టేశాడు. నా పక్కనున్న ఇనప బోల్టులు సంబరంగా అతని సంచిలోకి దూకాయి. వెళ్ళనివ్వండి. మళ్ళీ కరిగి ఇంకేదో కావాలని నాకు లేదు, నాలోని విషంతో అది కుదరదు కూడా. ఒక్క జన్మ ఎత్తాను, దాన్ని పూర్తిగా వాడుకున్నాను.

మొన్న గంగునాయుడు వచ్చాడు. కాలవ అవతల సొంతంగా చిన్న గానుగ పెట్టుకుంటున్నాడట. బుష్షులు కావాలి. "ఏ రకం పొయ్యమంటారు నాయుడుగారూ?" అన్నాడు యూసుఫ్, తెలియనట్టు.

"అదే. ఒదిన గానుగలోది."

"పేరు చెప్పండి. నా దగ్గర చాలా రకాలున్నాయి."

గంగునాయుడు చాలాసేపు షెడ్డు కప్పు వైపు చూశాడు. తరవాత కింద బుట్టలో చూపు పడింది. వంగి నా పెద్ద ముక్కను తీశాడు, పగిలిన అంచు మీద వేలు పోనిచ్చాడు. నేను ఎవరినో అతనికి తెలిసింది. భుజం మీది తువ్వాలు తీసి నా మీది మసి తుడిచాడు, శుభ్రంగా, రెండు వైపులా.

తుడవకపోయినా నేను నేనే. అయినా తుడవనిచ్చాను.